3–5 తరగతుల సైన్స్ కిట్: సర్క్యూట్ పాఠం దగ్గరే బండి ఆగిపోతోంది

కిట్_కార్ఖానా
మా స్టార్టప్ 3, 4, 5 తరగతులకు ఈవీఎస్ (పరిసరాల విజ్ఞానం) కిట్, దానికి తోడు ఒక ఆప్ తయారు చేస్తోంది. ఐదుగురు పిల్లల గుంపుకి ఒక పెట్టె. పైలట్ బడుల్లో అయస్కాంతాలు, తేలేవి-మునిగేవి బాగానే నడుస్తున్నాయి. సర్క్యూట్ దగ్గరే గొడవ. సగం గుంపుల్లో ఎల్ఈడీ వెలగదు. టీచరు ఒక్కో గుంపు దగ్గరికీ వెళ్ళి సరిచేసేలోపు బెల్లు కొట్టేస్తారు.
పెట్టెలో ఉన్నవి: ఆల్కలైన్ ఏఏ సెల్స్ రెండు, హోల్డరు, తెల్ల ఎల్ఈడీ ఒకటి, క్రొకడైల్ క్లిప్పుల తీగలు మూడు, స్విచ్ ఒకటి, విద్యుత్తు పారుతుందో లేదో చూడ్డానికి పది వస్తువులు. ముందు ఆప్‌లో నాలుగు నిమిషాల వీడియో, తర్వాత చేత్తో చేయడం.
కిట్ తీసేసి తెర మీద సిమ్యులేషన్ పెడితే ఖర్చూ తగ్గుతుంది, తలనొప్పీ తగ్గుతుంది అని మా టీములోనే ఒక వాదన. 40 నిమిషాల పీరియడ్‌లో ఇది అవ్వాలంటే ఏం మార్చాలి?

రాగితీగ
ముందు ఆ తెల్ల ఎల్ఈడీ తీసెయ్యండి. తెల్లదానికీ నీలందానికీ దాదాపు 3 వోల్టులు, కొన్నిటికి 3.2 దాకా కావాలి. రెండు సెల్స్ కొత్తగా ఉన్నప్పుడు ఇచ్చేదే 3 చిల్లర. నాలుగు రోజులు వాడాక 2.7కి పడితే మిణుకుమిణుకు, తర్వాత అదీ ఉండదు. పిల్లలు సర్క్యూట్ సరిగ్గానే కలుపుతారు, వెలగదు, తామే తప్పు చేశామనుకుని ఊడదీస్తారు. మీ సగం గుంపుల కథ చాలావరకు ఇదే అయి ఉంటుంది.
ఎర్రది పెట్టండి. దానికి 1.8 నుంచి 2 వోల్టులు చాలు. కరెంటుని అదుపులో ఉంచడానికి వరసలో 100 ఓమ్‌ల రెసిస్టరు. (3 – 2) / 100 అంటే 10 మిల్లీఆంపులు, తరగతి గదిలో కనబడ్డానికి బోలెడు. రెసిస్టరు లేకుండా నేరుగా పెడితే ఎర్ర ఎల్ఈడీ కొద్ది వాడకానికే పాడవుతుంది. ఇంటర్నెట్‌లో బిళ్ళ సెల్‌కి నేరుగా తగిలించి చూపిస్తారు కదా, ఆ సెల్ లోపలి నిరోధం ఎక్కువ కాబట్టి అక్కడ చెల్లుతుంది. ఏఏకి చెల్లదు.
రెండోది క్లిప్పులు. చవక తీగల్లో ప్లాస్టిక్ తొడుగు కింద తీగని క్లిప్పుకి నొక్కి వదిలేస్తారు, టంకం ఉండదు. పైకి నిక్షేపంలా కనిపిస్తుంది, లోపల ఊడి ఉంటుంది. లాట్ రాగానే ప్రతి తీగనీ మల్టీమీటరు బీప్ (తీగ లోపల తెగకపోతే మోగేది) మీద పెట్టి, రెండు చివర్లూ పట్టి ఊపండి. ఊపినప్పుడు బీప్ తెగితే పక్కన పడేయండి.

బడిగంట
రాగితీగ గారు చెప్పింది సరే గానీ 4వ తరగతికి అసలు ఎల్ఈడీ ఎందుకండీ? తిప్పి పెడితే వెలగదు. "వలయం మూసుకుంటే వెలుగుతుంది" అన్న ఒక్క సంగతి నేర్పుదామని కూర్చుంటే, పొడుగు కాలు ప్లస్, పొట్టి కాలు మైనస్ అని రెండో పాఠం మీద పడుతుంది. టార్చి బల్బు పెట్టండి. ఎటు కలిపినా వెలుగుతుంది, లోపల ఫిలమెంటు కంటికి కనిపిస్తుంది.

రాగితీగ
@బడిగంట నిజమే, కానీ ఆ బల్బు 2.5 వోల్టులు, 0.3 ఆంపులు. ఎల్ఈడీ తాగేదానికి ముప్పై రెట్లు. మామూలు జింక్-కార్బన్ సెల్స్ రెండు మూడు పీరియడ్లకే నీరసపడతాయి. పైగా టార్చీలన్నీ ఎల్ఈడీ అయిపోయాక ఆ బల్బు దొరికే షాపులు ఎన్ని మిగిలాయి?
మధ్యేమార్గం ఉంది. చిన్న బోర్డు మీద రెండు ఎర్ర ఎల్ఈడీలు ఒకదానికొకటి తలకిందులుగా, పక్కపక్కన (ఒకదాని పొడుగు కాలు రెండోదాని పొట్టి కాలికి) కలిపి, ఆ జంటకి వరసలో ఒకే 100 ఓమ్ రెసిస్టరు. ఎటు కలిపినా రెండిట్లో ఒకటి వెలుగుతుంది. వెలగనిదానికి ఏమీ కాదు, ఎల్ఈడీలు మామూలుగా 5 వోల్టుల దాకా ఎదురు వోల్టేజీ తట్టుకుంటాయి, ఇక్కడ పడేది రెండే. బోర్డుకి రెండు వైపులా క్లిప్పు పట్టేంత వెడల్పు రేకు చెవులు పెట్టండి. 5వ తరగతికి వచ్చాక "ఇటు కలిపితే ఇది, అటు కలిపితే అది, ఎందుకు?" అని అదే బోర్డుతో ఇంకో పాఠం.

బడిగంట
ఇది బాగుంది. ఒప్పుకుంటున్నా.

చాక్‌పీస్
ఈ వేదికలో "ఒప్పుకుంటున్నా" అన్న మాట. స్క్రీన్‌షాట్ తీసి ఫ్రేము కట్టించాలి.

గోల్కొండ_గీక్
సిమ్యులేషన్ పెడదాం అన్నాయనకి చెప్పుండ్రి. తెర మీద బల్బు ఎప్పటికీ ఫెయిల్ కాదు, లూజు కనెక్షన్ ఉండదు, తుప్పు ఉండదు. పోరగాళ్ళు నేర్చుకునేది గా ఫెయిలైన కాడనే. నేను ఆప్‌లు రాసేటోన్నే అయినా చెప్తున్న, కిట్ తియ్యకుండ్రి. సిమ్యులేషన్‌కి జాగా ఏడున్నదంటే, చేత్తో చేయలేనివాటికి: సూర్యుడు-భూమి-చంద్రుడు, కడుపుల అన్నం ఎట్ల పోతది, అసొంటివి.

లోలకం
వీడియో ముందు పెట్టడమే ఈ పాఠంలో పెద్ద లోపం. నాలుగు నిమిషాల్లో జవాబు చెప్పేశాక పిల్లలు చేసేది ప్రయోగం కాదు, నకలు. వరస తిప్పండి.
మొదటి 5 నిమిషాలు: సెల్, ఒకే తీగ, బోర్డు బల్ల మీద. "వెలుగుతుందా? ఎందుకు?" గుంపుకి ఒక కాగితం, అందులో ఊహ గీయాలి. చాలామంది ఒక్క తీగ గీస్తారు, సెల్ నుంచి బల్బుకి పైపులో నీళ్ళు వెళ్ళినట్టు. ఆ బొమ్మ టీచరు కళ్ళబడటం ముఖ్యం.
తర్వాత 18–20 నిమిషాలు చేతిపని. ఒక్క తీగతో వెలగలేదు, రెండో తీగ ఇస్తారు. వెలిగాక పది వస్తువులు.
తర్వాత 8 నిమిషాలు మాట. ఊహ కాగితం పక్కన పెట్టుకుని.
మిగిలింది సర్దడానికి. వీడియో ఇంటి దగ్గర, రెండు నిమిషాలకి కుదించి.

కరస్పాండెంట్_గారబ్బాయి
చెప్పడానికి బాగుంటుంది లోలకం గారూ. ప్రైవేటు బడిలో డబ్బు కట్టేది తల్లిదండ్రులు, సంతకం పెట్టేది కరస్పాండెంటు. ఆయన గదిలో డెమోకి పది నిమిషాలే. అక్కడ యానిమేషన్ వీడియో కనబడకపోతే పెట్టె మూత కూడా తీయనివ్వరు. వీడియోని ఇంటికి తోస్తే అమ్మకాలు ఎవరు చేస్తారు?

లోలకం
డెమోలో వీడియో చూపించండి, ఎవరు కాదన్నారు? తరగతిలో ముందు పెట్టొద్దన్నానంతే. కరస్పాండెంటు గదికీ 4వ తరగతి గదికీ ఒకే వరస అక్కర్లేదు.

బడిగంట
ఇంకో సంగతి కూడా చూడండి. ఒకరిద్దరు టీచర్లతో ఐదు తరగతులు నడిచే ప్రాథమిక బడులకు ఈ 40 నిమిషాల లెక్కే వర్తించదు. అక్కడ 3, 4, 5 ఒకే గదిలో ఉంటారు. ఏకోపాధ్యాయ పాఠశాలలో టీచరు ఒకటో తరగతికి అక్షరాలు దిద్దిస్తూ ఇటు చూడాలి. కాబట్టి సూచన కార్డు టీచరుకి కాదు, పిల్లలకి రాయండి. ఒక కార్డుకి ఒక పని, ఒక బొమ్మ, పది మాటలు మించకుండా. 5వ తరగతి పిల్ల చదివితే 3వ తరగతి పిల్లాడు చేసేలా గుంపులు కలపండి. ఐదుగురిలో ఇద్దరి చేతులే ఆడతాయి, మిగతావాళ్ళు చూస్తూ కూర్చుంటారు. పనులు పంచండి: సామాను తెచ్చేవారు, కలిపేవారు ఇద్దరు, రాసేవారు, చదివేవారు. ప్రతి ప్రయోగానికీ మార్చాలి, లేకపోతే క్లాసు లీడరే అన్నీ కలిపేస్తాడు.

చాక్‌పీస్
క్లాసు లీడరు పేరు ఎత్తగానే సగంమందికి పాత పగలు గుర్తొచ్చి ఉంటాయి.

కిట్_కార్ఖానా
చాలా పనికొచ్చాయి. జంట ఎల్ఈడీ బోర్డు నమూనా రేపే వేయిస్తాం. మిగతా ప్రయోగాల జాబితా కూడా పెడుతున్నా, తప్పులుంటే దులపండి:
1) మూసిన గ్లాసు కింద కొవ్వొత్తి, పళ్ళెంలో నీళ్ళు. ఆక్సిజన్ ఖర్చయి నీళ్ళు ఐదో వంతు పైకి వస్తాయి.
2) పసుపు కాగితంతో ఆమ్లం, క్షారం. తినే సోడా నీళ్ళతో ఎర్రగా మారుతుంది.
3) ఉప్పునీటిలో గుడ్డు తేలడం.
4) విత్తనాల పొట్లం, మొలక ఎదుగుదల.
5) అయస్కాంతానికి ఏవి అంటుకుంటాయి: ఇనుము, స్టీలు.

లోలకం
1 చూడగానే రక్తం మరిగింది. ఎన్ని పుస్తకాల్లో, ఎన్ని వీడియోల్లో ఉన్నా ఆ వివరణ తప్పు. మంట గాలిని వేడి చేస్తుంది, వ్యాకోచించిన గాలి గ్లాసు అంచు కింద నుంచి బుడగలుగా బయటికి పోతుంది. మంట ఆరాక మిగిలిన గాలి చల్లబడి కుంచించుకుంటుంది, బయటి గాలి ఒత్తిడి నీళ్ళని లోపలికి నెడుతుంది. నీళ్ళు ఎప్పుడు ఎక్కుతున్నాయో గమనించండి. మంట వెలుగుతున్నంతసేపూ కొంచెమే, ఆరిన వెంటనే గబుక్కున. ఆక్సిజన్ ఖర్చవడమే కారణమైతే వెలుగుతున్నప్పుడే క్రమంగా ఎక్కాలి. పైగా మంట ఆరేనాటికి ఆక్సిజన్ అంతా అయిపోదు, చాలా భాగం లోపలే ఉంటుంది.
పిల్లలకి తేల్చి చూపించే దారి కూడా సులువు. అదే గ్లాసు, అదే నీళ్ళు, ఒకసారి ఒక కొవ్వొత్తి, ఇంకోసారి మూడు. గ్లాసులో ఆక్సిజన్ అంతే కదా, నీళ్ళు కూడా అంతే ఎక్కాలి. మూడు పెడితే ఎక్కువ ఎక్కుతాయి.
"గాలిలో ఆక్సిజన్ ఐదో వంతు" అన్నది నిజమే (దాదాపు 21 శాతం). అందుకే ఈ తప్పు ఇన్నేళ్ళు బతికింది, అంకె దగ్గరగా వచ్చి కూర్చుంటుంది.

బడిగంట
మంట ఉన్నది ఏదైనా టీచరు బల్ల మీదే, పిల్లల పెట్టెలో వద్దు. అగ్గిపెట్టె కిట్‌లో అసలు పెట్టకండి.

సున్నపుతేట
2 సంగతి. పసుపు రంగు మారేది పీహెచ్ (ఆమ్ల-క్షారాల కొలత, 7 దాటితే క్షారం) 7.4 దాటాక మొదలై 8.6 దగ్గరికి పూర్తవుతుంది. తినే సోడా నీళ్ళు 8.3 దగ్గరుంటాయి, అంటే మధ్యలో. కాగితం ఎర్రగా కాకుండా కాస్త ముదురు నారింజ అవుతుంది, పిల్లలు "మారలేదు టీచర్" అంటారు. సున్నపు తేటగానీ బట్టల సోడాగానీ వాడితే గాఢమైన ఎరుపు. బట్టల సబ్బు నురగ కూడా చాలు, పిల్లల చేతికి అదే మంచిది. సున్నపు తేట టీచరు చుక్క వెయ్యాలి, కళ్ళలో పడితే మంట.
కాగితం తయారీ: అరచెంచా పసుపు, రెండు చెంచాల నీళ్ళు, వడపోత కాగితం లేదా మందపాటి తెల్ల కాగితం మీద పూసి నీడలో ఆరబెట్టాలి. ఎండలో పెడితే పసుపు వెలిసిపోతుంది. కిట్‌లో ముందే తయారుచేసి పెడితే నల్ల కవరులో పెట్టండి.
పసుపు ఆమ్లాన్ని చూపించదు. నిమ్మరసం వేసినా పసుపుగానే ఉంటుంది. దానికి మందార పూలు. ఐదు పూల రెక్కలు అరగ్లాసు వేడినీళ్ళలో పది నిమిషాలు నానిస్తే ఊదా రసం. నిమ్మరసంతో గులాబీ, సబ్బుతో ఆకుపచ్చ. బోరు నీళ్ళు కొన్నిచోట్ల క్షారంగా ఉండి రసం రంగు ముందే తిరుగుతుంది, పాఠం అక్కడే గందరగోళం. క్యాన్ నీళ్ళు వాడండి. లేదా ఆ తేడానే పాఠం చేసుకోండి.

చాక్‌పీస్
బోరు నీళ్ళ పరీక్ష 4వ తరగతి పిల్లలు చేసేస్తే పంచాయతీ వాళ్ళు కంగారుపడతారు.

పెసరమొలక
విత్తనాల పొట్లం కిట్‌లో పెట్టకండి. రెండు కారణాలు. గోదాములో ఎండాకాలం గడిపిన విత్తనంలో సగం మొలవదు. రెండోది ముఖ్యం: విత్తనాల షాపులో కొన్నవాటికి శిలీంధ్రనాశిని పూత ఉంటుంది, గులాబీ రంగులో గుర్తుపట్టొచ్చు. అది విషం, పిల్లలు నోట్లో పెట్టుకుంటారు. కార్డు మీద "ఇంటి నుంచి ఇరవై పెసలు తెండి" అని రాయండి. పెసరపప్పు కాదు, పొట్టుతో ఉన్న గుండు పెసలు. ఈ మాట రాయకపోతే కనీసం నలుగురు పప్పు తెస్తారు. అది మొలవదు, ఎందుకు మొలవదన్నది కూడా మంచి ప్రశ్నే.
రాత్రి ఎనిమిది గంటలు నానబెట్టి, నీళ్ళు వంపేసి, తడిగుడ్డలో కడితే మర్నాటికి మొలక కనిపిస్తుంది. పిల్లలు చేసే తప్పు నీళ్ళలోనే వదిలేయడం. గాలి అందక కుళ్ళి వాసన వస్తుంది. అందుకని మూడు గ్లాసులు: ఒకదానిలో పొడి గింజలు, ఒకదానిలో తడిగుడ్డ, ఒకదానిలో గింజలు మునిగేలా నీళ్ళు. శనివారం మొదలుపెట్టించొద్దు, సోమవారం దాకా గుడ్డ తడిపేవాళ్ళుండరు.

రాగితీగ
3లో గుడ్డు తాజాదై ఉండాలని రాశారా? పాత గుడ్డులో గాలి గది పెరిగి ఉప్పు లేకుండానే లేచి నిలబడుతుంది, కొన్ని తేలిపోతాయి కూడా. ఉప్పు లెక్క: 250 మి.లీ. నీళ్ళకి 40 గ్రాములు వేస్తే తాజా గుడ్డు ఖాయంగా తేలుతుంది. "రెండు చెంచాలు" అని రాస్తే ఒక్కో ఇంటి చెంచా ఒక్కోలా ఉంటుంది, సగం గుంపుల్లో మునిగే ఉంటుంది. 40 గ్రాములు పట్టే కొలత మూత ఒకటి కిట్‌లో పెట్టండి.
5లో "స్టీలు అంటుకుంటుంది" అని ఆప్ ప్రశ్నలో రాస్తే కొంపలు మునుగుతాయి. వంటింటి స్టీలు గ్లాసులు, పళ్ళేలు చాలావరకు అంటుకోవు, కొన్ని గరిటెలు, కత్తులు అంటుకుంటాయి. లోపలి మిశ్రమం తేడా. పిల్ల నిజంగా గ్లాసుకి పెట్టి చూసి "అంటుకోదు" అని నొక్కితే మీ ఆప్ ఎర్ర ఇంటూ వేస్తుంది. చేత్తో చూసినదాన్ని తెర కాదంటే పిల్లలు తెరనే నమ్ముతారు, అదీ ప్రమాదం.

గోల్కొండ_గీక్
గీ ముచ్చట మీదనే నేనూ చెప్దామనుకుంటున్న. నాలుగు ఆప్షన్ల ప్రశ్న పెడితే పోరగాళ్ళు ఒక్కోటి ఒత్తుకుంట పోతరు, ఆకుపచ్చ అయ్యేదాకా. రిపోర్టుల మాత్రం నూటికి నూరు. మొదటి ఒత్తుడే లెక్కలకు తీస్కోండ్రి. ఇంకా మంచిదేందంటే, ప్రయోగానికి ముందు ఊహ, వారం తర్వాత అదే ప్రశ్న వేరే బొమ్మతోని. గీ రెండిటి నడుమ తేడా ఒక్కటే అక్కరకొచ్చే అంకె.
ఇగ ఫోను సంగతి. ఇంట్ల ఉండేది నాయిన ఫోను, అది రాత్రికి గాని ఇంటికి రాదు. 2 జీబీ ర్యామ్, స్టోరేజీ నిండా వాట్సాప్ ఫొటోలు. రెండు నిమిషాల వీడియో 500 కేబీపీఎస్ (సెకనుకు పట్టే డేటా) దగ్గర 7.5 ఎంబీ అయితది. కార్టూన్ బొమ్మలకు 250 చాలు, సగమైతది. స్కూల్ల టీవీ ఉంటే పెన్‌డ్రైవ్ ఇయ్యుండ్రి, ఎంపీ4ల హెచ్.264 (వీడియోను కుదించే పద్ధతి) పెట్టుండ్రి, హెచ్.265 పెడితే పాత టీవీలల్ల సప్పుడొస్తది బొమ్మ రాదు.
ఇంకోటి, పిల్లల పేరు, ఫొటో, లొకేషన్ ఏదీ అడగకుండ్రి. 2023 డేటా రక్షణ చట్టం 9వ సెక్షన్ చూడుండ్రి. 18 ఏండ్ల లోపు వాళ్ళ డేటాకు తల్లిదండ్రుల ఒప్పుదల కావాలె, అదీ సరిచూసుకునేటట్టు. పిల్లల్ని ట్రాక్ చేసుడు, వాళ్ళకు గురిపెట్టి యాడ్లు ఏసుడు బంద్. గీత దాటితే జరిమానా 200 కోట్ల దాకా. గుంపుకొక నెంబరు, గుంపుకొక రంగు, గంతే.

చాక్‌పీస్
200 కోట్లా. స్టార్టప్ మొత్తం అమ్మినా అందులో వడ్డీకి రాదు.

కరస్పాండెంట్_గారబ్బాయి
చట్టాలంటున్నారు కాబట్టి ఇది కూడా. 14 ఏళ్ళ లోపు పిల్లలు ఆడుకునే వస్తువుకి 2021 జనవరి 1 నుంచి ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి. "మాది ఆటబొమ్మ కాదు, విద్యా సామగ్రి" అని పెట్టె మీద రాసేస్తే తప్పించుకోవచ్చని అనుకోవద్దు, ముందే ఆ గుర్తు ఇచ్చే బీఐఎస్ వాళ్ళని అడిగి తేల్చుకోండి. పెద్ద బడులు కొనే ముందు ఆ కాగితం అడుగుతున్నాయి.

రాగితీగ
దానికి ముందు, కాగితం అడగనివాటి గురించి. బిళ్ళ సెల్ (20 మిల్లీమీటర్లది) ఈ వయసు పెట్టెలో ఎక్కడా ఉండకూడదు. మింగితే గొంతులో ఇరుక్కుని రెండు గంటల్లోనే అన్నవాహిక కాలిపోగలదు. చిన్న, చాలా బలమైన నియోడిమియం అయస్కాంతాలు కూడా వద్దు. రెండు మింగితే పేగు గోడల అటూ ఇటూ అతుక్కుని పేగుకి చిల్లు పడుతుంది. నల్ల ఫెరైట్ రింగులు, నోట్లో పట్టనంత పెద్దవి పెట్టండి.
ఆల్కలైన్ సెల్స్ కూడా మార్చండి. పిల్లలు రెండు క్లిప్పులూ నేరుగా కలిపేస్తారు, అది ఆపలేం. ఆల్కలైన్ షార్టయితే చెయ్యి కాలేంత వేడెక్కుతుంది. మామూలు జింక్-కార్బన్ సెల్ అంత కరెంటు ఇవ్వలేదు. చవక కూడా. 10 మిల్లీఆంపుల ఎల్ఈడీకి అది నెలల తరబడి సరిపోతుంది.

కిట్_కార్ఖానా
ధర సంగతి కూడా తేల్చండి. ప్రభుత్వ బడులకి ఇవ్వగలమా?

బడిగంట
31 నుంచి 100 మంది పిల్లలున్న బడికి సమగ్ర శిక్ష (ప్రభుత్వ విద్యా పథకం) కింద కాంపోజిట్ గ్రాంటు (బడి ఖర్చులకిచ్చే డబ్బు) నిబంధన ప్రకారం ఏడాదికి 25,000. అందులోనే సుద్దముక్కలు, కరెంటు బిల్లు, చిన్న రిపేర్లు, కనీసం పదో వంతు పరిశుభ్రతకి. మీ కిట్‌కి మిగిలేది ఎంతో మీరే చూసుకోండి. ఆరు పెట్టెలు ఒక్కో బడికి అమ్మడం కన్నా, ఆరు పెట్టెలు ఒక స్కూల్ కాంప్లెక్సుకి (దగ్గర్లోని బడుల గుంపు) ఇచ్చి బడుల మధ్య తిప్పండి. కుప్పం దగ్గర క్యాంపస్ ఉన్న అగస్త్య ఫౌండేషన్ వాళ్ళు సామగ్రిని వ్యాన్లలో బడుల దగ్గరికే తీసుకెళ్తారు, ఆ పద్ధతి చూడండి.
ఏది చేసినా మొదటి ఏడాది తర్వాత ఏమవుతుందో ఆలోచించండి. మధ్యప్రదేశ్‌లో హోషంగాబాద్ సైన్స్ కార్యక్రమం 1972లో 16 బడుల్లో మొదలై 2002 దాకా నడిచింది. అది 6–8 తరగతులకు. అక్కడ కిట్‌తో పాటు పరీక్ష పద్ధతి కూడా మార్చారు, పుస్తకం తెరిచి రాయడం, చేత్తో చేసి చూపించడం. మీరు కిట్ ఇచ్చి, యూనిట్ టెస్టులో "అయస్కాంతం నిర్వచనం రాయుము" అని వస్తే డిసెంబరుకల్లా పెట్టె బీరువా ఎక్కుతుంది.

కరస్పాండెంట్_గారబ్బాయి
ప్రైవేటుకైతే జనవరి నుంచి ఏప్రిల్ లోపు మాట ఖాయం చేసుకోవాలి. జూన్ 12న బడి తెరిచాక వెళ్తే "వచ్చే ఏడాది చూద్దాం" అంటారు. విడిభాగాల రేటు ముందే అడుగుతారు, జవాబు పెట్టుకుని వెళ్ళండి.

రాగితీగ
విడిభాగాల్లో ముందు పోయేవి వరసగా: క్లిప్పు తీగలు, ఎల్ఈడీలు, స్విచ్ స్ప్రింగు. ఎనిమిది తీగలు వాడే చోట పది పెట్టండి. ట్రేలో ప్రతి వస్తువుకీ దాని ఆకారంలోనే గుంట ఉంటే ఏది తక్కువైందో మూత వేసేముందే కనబడుతుంది, లెక్కపెట్టే పని ఉండదు.

కిట్_కార్ఖానా
వేసవి సెలవుల్లో పెట్టెలు బడిలోనే ఉంటాయి. సెల్స్ తీసి పెట్టమంటే టీచర్లు తీస్తారా?

బడిగంట
తీయరు. ఏప్రిల్ చివరి పరీక్షల్లో ఎవరికి గుర్తుంటుంది?

రాగితీగ
అయితే హోల్డరు మూతకి బదులు, ప్లస్ వైపు ఒక రంగు ప్లాస్టిక్ నాలుక పెట్టండి, కొత్త రిమోట్లలో వస్తుందే అలాంటిది. అది పెడితే షార్టవ్వదు. కానీ జింక్-కార్బన్ పాతబడితే ఊరికే ఉన్నా కారుతుంది, స్ప్రింగు తుప్పు పడుతుంది. కాకినాడ, విశాఖ వైపు గాలికి ఇంకా తొందరగా. కాబట్టి సెల్స్ పెట్టెలో పంపకండి. బడి తెరిచిన నెలలో పక్క కిరాణా కొట్టులో కొనమని కార్డు మీద రాసి, ఆ డబ్బు ధరలోంచి తగ్గించండి. తుప్పు పట్టిన స్ప్రింగు ఉంటే నిమ్మరసంలో ముంచిన దూదితో తుడిచి, పొడిగుడ్డతో ఆరబెట్టి, గరుకు కాగితంతో రెండుసార్లు గీకితే మళ్ళీ పనిచేస్తుంది.

సున్నపుతేట
అది జింక్-కార్బన్‌కి కాదు, ఆల్కలైన్ కారుడుకి. జింక్-కార్బన్ లోపలిదే ఆమ్ల గుణం ఉన్న లవణం, దాని మీద నిమ్మరసం వేస్తే లాభం లేదు. తినే సోడా నీళ్ళతో తుడవండి. చేతులు కడుక్కోవడం కార్డులో రాయండి.

రాగితీగ
సరిగ్గా పట్టారు. సోడానే.

కిట్_కార్ఖానా
జంట ఎల్ఈడీ బోర్డు, జింక్-కార్బన్, వీడియో చివర్లో, విత్తనాలు ఇంటి నుంచి. ఈ మార్పులతో వచ్చే నెల పైలట్. ఊహ కాగితాల నమూనా వేసి ఇక్కడే పెడతా, లోలకం గారు ముందే చూసి దులిపేస్తే మేలు.

లోలకం
పెట్టండి. కొవ్వొత్తిది మాత్రం మూడు కొవ్వొత్తులతో కలిపి పెట్టండి, లేకపోతే చూడను.